బంగాళాదుంపల కాటా

మా బిర్జైలో నేల నమ్మదగ్గది కాదు.
అడుగున జిప్సం రాయి ఏళ్ళతరబడి కరిగి
ఏదో ఒక పొద్దున పెరట్లో బావంత గొయ్యి.
మా మేనత్త ఆవు అలాగే పోయింది, మెళ్ళో గంటతో సహా.
పైకి గట్టిగా, లోపల గుల్లగా ఉండేవాటి గురించి
మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు
అనుకునేదాన్ని.

ఆ చలికాలం మా తమ్ముడు రిమ్విదాస్
దుంపలు తూచే నా కాటా అడిగి పట్టుకెళ్ళాడు.
షెడ్డులో పాత ఆడి, జాకీల మీద,
చక్రాల్లేకుండా, మోకాళ్ళు విరిగిన గుర్రంలా.
విప్పిన ప్రతి ముక్కనీ కాటా మీద పెట్టి
షెడ్డు తలుపు మీద సుద్దతో రాసేవాడు:
వెనక సీటు, పదహారు.
తివాచీ, దాని కింది తారు పొర, తొమ్మిదిన్నర.
ఎడమ తలుపులో అడ్డంగా ఉండే ఉక్కు గొట్టం, మూడుంబావు.
కుడి తలుపుదీ అంతే.
"ఇదెందుకురా తీయడం?"
"ఇరవై ఏళ్ళు మోసిందక్కా ఈ బండి,
ఒక్కసారైనా పనికొచ్చిందా?"
నిజమే. నాకు జవాబు దొరకలేదు.
పనికి రాకపోవడమే దాని అదృష్టమని
రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది,
అప్పటికి అతను నిద్రపోయాడు.

స్టీరింగ్ నడుమ ఉబ్బెత్తుగా ఉండే గాలిసంచీ
రెండు కిలోలూ చిల్లర.
దాని చోట పళ్ళెమంత చిన్న చక్రం వచ్చింది,
మెత్తటి తోలు తొడుగు, చేతికి ముద్దుగా ఉండేది.
డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం ఒకటి
ఎంతకీ ఆరకుండా వెలుగుతుంటే
బల్బు పీకేశాడు.
ఆ బల్బుని మాత్రం తూచలేదు.

చివరికి ముందు బంపర్ వెనకాల దూలం.
కొత్త టర్బోకి గాలి చల్లబరిచే పెట్టె పెద్దది,
చోటు చాల్లేదు.
దూలాన్ని పట్టుకునే చెవుల్ని కూడా గ్రైండరుతో కోసేశాడు.
నిప్పురవ్వలు వాకిట్లో మంచు మీద పడి చుయ్యిమన్నాయి.
ఏడు కిలోలు.
పుట్టుకతో వచ్చిన కవచం.
ఎవరూ బ్రాహ్మణ వేషంలో వచ్చి దానం అడగలేదు.
తానే కోశాడు, తనకే ఇచ్చుకున్నాడు.

మొత్తం నూట నలభై ఒకటి.
"ఇద్దరు మనుషుల బరువు" అన్నాడు గర్వంగా
చేతులు తుడుచుకుంటూ.
ఏ ఇద్దరు? అని అడగాల్సింది.

కారు ఎగిరేది. అబద్ధమెందుకు.
ఏప్రిల్ సాయంత్రం పస్వలీస్ దారిలో, రై చేల మధ్య,
నన్ను ఎక్కించుకున్నాడు.
నా కడుపు ఎక్కడో వెనక మలుపులో ఉండిపోయింది.
నేను నవ్వాను, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను
మోచేతి పక్కన తలుపు
ఖాళీ రేకుడబ్బాలా దడదడలాడుతుంటే.

దూలాన్ని పారేయడానికి మనసొప్పక
పెరటి గేటుకి అడ్డగడియగా పెట్టుకున్నాను.
జూన్‌లో ఒక తెల్లవారుజామున
పాలవ్యాను నడిపే వైదోతాస్ కునుకు పట్టి
మలుపు తిరగాల్సినచోట తిరక్క
తిన్నగా నా గేటు మీదికి వచ్చాడు.
స్తంభం విరిగింది, గూస్‌బెర్రీ పొద నుజ్జయింది.
దూలం మాత్రం తనకు నేర్పిన పని మరిచిపోలేదు.
నడుమ మడిచి, ముడతలు పడి, మెల్లగా లొంగి
దెబ్బ మింగింది.
వ్యానుకీ తన దూలం తనకుంది లెండి,
ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు.
వైదోతాస్ దిగాడు. ముక్కు నుంచి కాస్త రక్తం.
పాలు పోయినందుకు ఏడ్చాడు.

రిమ్విదాస్ వచ్చి చూశాడు.
వంగిన ఉక్కు మీద వేలితో ముడతలు లెక్కపెట్టాడు.
ఐదు.
మళ్ళీ ఎక్కిద్దామన్నా కారుకి చెవుల్లేవు.
టర్బో తీస్తాడా? తీయడు, నా తమ్ముడు నాకు తెలీదా.
తలుపు గొట్టాలు మాత్రం వారంలో వెనక్కి వెళ్ళాయి.
వెల్డింగ్ పడ్డాక అవి మునుపటంత గట్టివేనా అంటే
"వేడి తగిలిన ఉక్కు వేరే ఉక్కు"
అని ఊరుకున్నాడు.

కాటా నా దగ్గరికి తిరిగొచ్చింది.
దుంపలు పోసే ముందు సున్నా చూసుకుంటాను.
ముల్లు సున్నాకి ఎడంగా, వెంట్రుకవాసి.
ఏమీ లేని తట్టలో
ఏదో కాస్త తక్కువ తూగుతోంది.